నీలి జీన్స్ వెనుక మనిషి: లెవీ స్ట్రాస్

మానవచరిత్ర రాజుల యుద్ధాలలోనే గాక సామాన్యుడు కట్టుకున్న బట్టలో కూడ దాగి ఉంటుంది. శనివారంనాడు గౌతమీ తీరాన వాడపల్లి వేంకటేశ్వరస్వామి దర్శనానికి వచ్చే జనసమూహాన్ని చూచినా, ఏ కళాశాల ప్రాంగణాన్ని చూచినా, పంచె, లుంగీ, పైజామాల సరసన నీలి జీన్స్ కనబడుతుంది. కులమతాల భేదం లేక, ధనిక పేద తారతమ్యం లేక ఇంతమంది ధరించే వస్త్రం అరుదు. ఆ వస్త్రంతో పేరు పెనవేసుకొన్న లెవీ స్ట్రాస్ జీవితం విద్యార్థులకు, అందునా అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థులకు, తెలిసికొనదగినది. అందులో అనుసరింపదగిన గుణాలున్నాయి. హెచ్చరికగా తీసికొనవలసిన లోపం కూడ ఒకటున్నది.

లెవీ స్ట్రాస్ 1829 ఫిబ్రవరి 26న జర్మనీ దేశపు బవేరియా ప్రాంతంలో బుట్టెన్‌హైమ్ అనే గ్రామంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు లోబ్. తండ్రి హిర్ష్ ఊరూరా తిరిగి బట్టలమ్మే చిన్న వర్తకుడు. ఆనాటి బవేరియాలో యూదులకు ప్రత్యేకమైన ఆంక్షలుండేవి. 1813 నాటి శాసనం ప్రకారం ఒక్కొక్క ఊరిలో ఎన్ని యూదు కుటుంబాలు ఉండవచ్చునో ప్రభుత్వమే నిర్ణయించేది. ఆ పట్టికలో చోటు దొరకనివాడు పెండ్లి చేసుకొని తన ఊరిలోనే కాపురం పెట్టడం కూడ దుర్లభం. 1846లో తండ్రి క్షయవ్యాధితో మరణించాడు. తరువాత ఒకటి రెండేండ్లకే తల్లి రెబెకా తన బిడ్డలను వెంటబెట్టుకొని అమెరికాకు ఓడనెక్కింది. న్యూయార్కులో అప్పటికే లెవీ సవతి సోదరులు జోనాస్, లూయీ బట్టల వ్యాపారం నడుపుతున్నారు. వారి వద్దనే ఆయన సరుకు నాణ్యాన్ని, లెక్కలను, కొనుగోలుదారుల మనస్సును తెలిసికొన్నాడు.

1848లో కాలిఫోర్నియాలో బంగారం బయటపడగా వేలాది ప్రజలు అటు పరుగులు తీశారు. 1853లో అమెరికా పౌరసత్వం పొందిన లెవీ ఆ సంవత్సరమే శాన్‌ఫ్రాన్సిస్కో చేరాడు. ఆయన గనిలో బంగారం త్రవ్వలేదు. బట్టలు, దుప్పట్లు, చేతిరుమాళ్లు వంటి సరుకులను చిల్లర దుకాణదారులకు టోకుగా అమ్మే వ్యాపారం పెట్టాడు. సోదరి ఫానీ భర్త డేవిడ్ స్టెర్న్ ఆ వ్యాపారంలో చేదోడుగా నిలిచాడు. ఇరువది సంవత్సరాలలో ఆ సంస్థకు పశ్చిమ రాష్ట్రాలన్నిటా మంచి పేరు వచ్చింది.

జీన్స్ పుట్టుకకు కారణమైన ఆలోచన మాత్రం లెవీది కాదు. నెవాడా రాష్ట్రంలోని రీనో పట్టణంలో జేకబ్ డేవిస్ అనే దర్జీ ఉండేవాడు. ఆయన రీగా నగరం నుండి వలస వచ్చిన యూదుడు. కట్టెలు కొట్టే తన భర్తకు త్వరగా చిరగని ప్యాంటు కుట్టి ఇమ్మని ఒక స్త్రీ ఆయనను కోరింది. కూలివాని ప్యాంటు ముందుగా చిరిగేది జేబుల అంచుల వద్ద. గుర్రపు దుప్పట్లకు వాడే రాగి రివెట్లు డేవిస్ వద్ద ఉన్నాయి. బరువు పడే ఆ చోట్ల వాటిని బిగించి ప్యాంటును మూడు డాలర్లకు ఇచ్చాడు. ఆ ప్యాంటు ఖ్యాతి పనివారిలో అతిత్వరగా వ్యాపించింది. పేటెంటు కోసం చెల్లించవలసిన 68 డాలర్లు ఆ దర్జీకి పెద్ద మొత్తం. అందుచేత 1872లో, తనకు గుడ్డ సరఫరా చేసే లెవీ స్ట్రాస్‌కు ఉత్తరం వ్రాసి భాగస్వామ్యం కోరాడు. ఒక చిన్న దర్జీ ఊహను తోసివేయకపోవడమే లెవీ చూపిన వివేకం. 1873 మే 20న 139,121 సంఖ్య గల పేటెంటు వారికి లభించింది. డేవిస్ శాన్‌ఫ్రాన్సిస్కో వచ్చి ఉత్పత్తిని స్వయంగా పర్యవేక్షించాడు. గుడారపు గుడ్డ మిగిలిపోగా లెవీ దానితో గనికూలీలకు ప్యాంట్లు కుట్టించాడనే కథ బహుళ ప్రచారంలో ఉన్నది గాని, అది కేవలం కథ. 1906 నాటి భూకంపం, అగ్నిప్రమాదాలలో సంస్థ పత్రాలు కాలిపోయిన పిమ్మట ఇటువంటి కథలకు అవకాశం కలిగింది.

ఆ ప్యాంటుకు వాడిన గుడ్డ చరిత్ర కూడ ఆసక్తికరమైనది. జీన్ అనే మాట ఇటలీలోని జెనోవా రేవు నుండి వచ్చింది. డెనిమ్ అనే మాట ఫ్రాన్సులోని నీమ్ పట్టణం నుండి వచ్చినదని చెబుతారు. పనివారి ముతక గుడ్డకు ఇంగ్లీషువారు పెట్టుకున్న డంగరీ అనే పేరు మన బొంబాయిలోని డోంగ్రీ నుండి పుట్టింది. కోనసీమకు వసిష్ఠ గోదావరి ఆవలి ఒడ్డున నరసాపురం చెంతనున్న మాధవాయపాలెం కూడ ఇట్లే మెడపోలం అనే నూలు గుడ్డకు తన పేరిచ్చింది. 17వ శతాబ్దంలో అక్కడ ఇంగ్లీషు వర్తకస్థానం ఉండేది. ఇక రంగు సంగతి. తెలుగువారి నీలి, ఉర్దూవారి నీల్ ఒకే మాట. సంస్కృత నీల శబ్దమే అరబ్బుల నోట అన్నీల్‌గా, పోర్చుగీసుల నోట అనిల్‌గా మారి, రసాయనశాస్త్రంలో అనిలీన్‌గా నిలిచింది. 19వ శతాబ్దంలో కడప, నెల్లూరు జిల్లాలలో నీలిమొక్క విస్తారంగా సాగయ్యేది. 1897లో జర్మనీవారు కృత్రిమ నీలిని విపణిలోకి తేవడంతో ఆ సాగు క్షీణించింది. డెనిమ్‌లో పడుగు నూలుకు మాత్రమే నీలి అద్దుతారు. పేక నూలు తెల్లగానే ఉంటుంది. నీలి నూలు లోతుకు ఇంకక పైపొరనే పట్టుకొని ఉంటుంది. కనుకనే వాడినకొద్దీ, మడతలు పడిన చోటెల్లా రంగు వెలిసి, ధరించినవాని నడక, పని ఆ బట్టపై ముద్రితమవుతాయి. జీన్స్ ఆకర్షణకు ఇది ఒక ముఖ్యకారణం.

లెవీ జీవితంలోని లోపాన్ని కూడ దాచక చెప్పవలసి ఉన్నది. ఆ కాలంలో కాలిఫోర్నియాలో చీనా కూలీలపై తీవ్రమైన ద్వేషం రగిలింది. 1882లో అమెరికా ప్రభుత్వం చీనా శ్రామికుల రాకను నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ రోజులలో లెవీ స్ట్రాస్ సంస్థ ఆ ద్వేషాన్ని ఎదిరించకపోగా, తన ప్యాంట్లు తెల్లజాతి పనివారు చేసినవని గొప్పగా ముద్రించుకొన్నది. తన పుట్టిన ఊరిలో పట్టికల పాలై, బ్రతుకుతెరువుకై సముద్రం దాటిన మనిషి సంస్థయే మరొక అల్పసంఖ్యాక వర్గానికి తలుపు మూసింది. బాధ అనుభవించినంత మాత్రాన ఎదుటివాని బాధ దానంతటదే అర్థం కాదు. దానిని తెలిసికొనవలెనన్న సంకల్పం కావలెనని ఈ ఘట్టం బోధిస్తున్నది.

అయినను ఆయన సంపాదనను ఒక్క తన వర్గానికే పరిమితం చేయలేదు. 1897లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో 28 విద్యార్థి వేతనాలకు ధనం సమకూర్చాడు. యూదుల అనాథాశ్రమానికే గాక కాథలిక్కుల, ప్రొటెస్టంటుల అనాథాశ్రమాలకు కూడ వీలునామాలో ధనం వ్రాశాడు. వివాహం చేసుకొనని లెవీ 1902 సెప్టెంబరు 26న శాన్‌ఫ్రాన్సిస్కోలో మరణించాడు. సంస్థ సోదరి ఫానీ కుమారులు నలుగురికి సంక్రమించింది.

ఆయన జీవించి ఉన్నంతవరకు జీన్స్ కూలివాని దుస్తు మాత్రమే. 1890లో పేటెంటు గడువు ముగియగా ఇతరులు కూడ వాటిని తయారు చేయసాగారు. 1955లో వచ్చిన చలనచిత్రంలో జేమ్స్ డీన్ ధరించిన పిమ్మట అది యువతరం తిరుగుబాటుకు చిహ్నమైంది. అమెరికాలో అనేక పాఠశాలలు దానిని నిషేధించాయి. 1960 దశకంలో నల్లజాతివారి పౌరహక్కులకై గ్రామాలలో పనిచేసిన విద్యార్థులు, పొలం కూలీలతో తాము ఒకటేనని తెలుపుటకు డెనిమ్ తొడిగారు. నేడు మన అనంతపురం జిల్లా రాయదుర్గంలోను, ప్రక్కనున్న బళ్లారిలోను ఎన్నో కుటుంబాలు జీన్స్ కుట్టి జీవిస్తున్నాయి.

విద్యార్థి మిత్రులు జీన్స్ ధరించేటప్పుడు, దాని విలువ దుకాణంలో కట్టిన ధరలో లేదని గ్రహింతురు గాక. జేబు అంచున ఉన్న చిన్న రాగి రివెట్టు ఒక కట్టెలు కొట్టేవాని అవసరం నుండి, ఒక పేద దర్జీ బుద్ధి నుండి, ఆ బుద్ధిని గౌరవించిన ఒక వలస వర్తకుని నుండి వచ్చింది. శ్రమను గౌరవించడం, ఇతరుల ప్రతిభకు చోటివ్వడం, సంపాదనలో కొంత విద్యకు వినియోగించడం లెవీ స్ట్రాస్ నుండి నేర్వదగినవి. మనకు మూసిన తలుపును మనం మరొకరికి మూయకుండుట ఆయన పొరపాటు నుండి నేర్వదగినది.