నవ్వని విదూషకుడు

బస్టర్ కీటన్ 1895లో అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రమందు జన్మించినాడు. తల్లిదండ్రులు ఊరూర తిరుగుచు వినోదప్రదర్శనము లిచ్చెడివారు. రంగస్థలముపై తండ్రి ఆ పసివానిని బంతివలె విసరివేయుట, వాడు దెబ్బ తగులకుండ పడుట, జనులు విరగబడి నవ్వుట, ఇవియే వాని ఓనమాలు. తాను నవ్వినచో వారి నవ్వు తగ్గునని బాలుడు అప్పుడే గ్రహించినాడు. నాటినుండి ఆ ముఖమున నవ్వు లేదు.

1917లో చలనచిత్రములలో ప్రవేశించి, ఆ పడుటనే ఒక విద్యగా పెంచినాడు. 1924 నాటి ‘షెర్లాక్ జూనియర్’లో నీటిధార మీదపడి మెడ ఎముక చిట్లినది, ఆ సంగతి ఏండ్లు గడచినగాని బయటపడలేదు. 1928లో ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ కొరకు బరువైన ఇంటి ముందుగోడను తనపై కూల్పించుకొనినాడు. కిటికీ ఖాళీ సరిగా ఆతడు నిలిచిన చోటికి వచ్చినది గనుక బ్రతికినాడు. కొలత కొన్ని అంగుళములు తప్పినను ప్రాణము దక్కెడిది కాదు. దీనిని హాస్యమనవలెనా, సాహసమనవలెనా?

ఆ ఏడే ఎం.జి.ఎం. సంస్థలో చేరి స్వాతంత్ర్యము పోగొట్టుకొనినాడు, త్రాగుడు పాలైనాడు. 1960లో గౌరవ ఆస్కార్ లభించినది. 1966లో కన్నుమూసినాడు.

హాంకాంగ్‌లో బాల్యముననే పెకింగ్ నాటకవిద్యయు, గంతులును అభ్యసించిన జాకీ చాన్, కుంగ్‌ఫూ పోరాటమునకు కీటన్ పాటును జోడించినాడు. 1987లో ‘ప్రాజెక్ట్ ఎ’ రెండవ భాగమున, అదే తీరున కూలెడి కట్టడము క్రింద తానును కదలక నిలిచినాడు.