చదరంగం బొమ్మ చాటున పడ్డ మాట్లాడే యంత్రం

బ్నీద్ అల్ గార్‌లో మేముండే బిల్డింగ్ లిఫ్టు ఏ అంతస్తు వచ్చిందో ఆడగొంతుతో చెబుతుంది. ఇప్పుడిది ఎవరికీ వింత కాదు. కానీ యంత్రం చేత మాట పలికించాలని 250 ఏళ్ల కిందటే పట్టుబట్టిన మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు వోల్ఫ్‌గాంగ్ వాన్ కెంపెలెన్.

1734లో ప్రెస్‌బర్గ్‌లో పుట్టాడు. ఇప్పటి స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావా అదే. ఆస్ట్రియా రాణి మరియా థెరిసా కొలువులో ఉద్యోగం. నీటి పంపుల దగ్గర్నుంచి అన్ని పనులూ తెలిసిన ఇంజినీరు. చూపులేని సంగీత విద్వాంసురాలు పారడీస్ ఉత్తరాలు రాసుకోడానికి 1779లో చిన్న అచ్చుయంత్రం చేసిచ్చాడు.

లోకం గుర్తుపెట్టుకుంది మాత్రం ఇంకోదాన్ని. 1770లో రాణిగారి ముందు తలపాగా బొమ్మ చేత చదరంగం ఆడించాడు. నిజానికి పెట్టెలో మనిషి దాక్కుని ఆడేవాడు. మోసమే!

అదే రోజుల్లో మొదలుపెట్టిన మాట్లాడే యంత్రంలో ఏ మోసమూ లేదు. దానికి 20 ఏళ్లు పట్టింది. ఊపిరికి తిత్తి పెట్టాడు (మన ఊపిరితిత్తుల్లోనే ఆ మాట ఉంది చూడండి). గొంతుకు హార్మోనియంలో ఉండేలాంటి రీడు, నోటికి రబ్బరు గరాటు, ముక్కుకు రెండు చిన్న గొట్టాలు. కుడి మోచేత్తో తిత్తి నొక్కుతూ, ఎడమ అరచేత్తో రబ్బరు నోరు మూసి తెరుస్తుంటే పసిపిల్లల గొంతుతో మాటలొచ్చేవి. నోరు మూసి ముక్కు గొట్టాలు వదిలేస్తే 'మ'. నాలుకా పళ్లూ లేవు కాబట్టి 'త', 'క' సరిగా పలికేవి కావు. 'ప'తోనే ఎలాగో సర్దేవాడు.

1783, 84లలో పారిస్, లండన్‌లలో రెండింటినీ పక్కపక్కనే చూపించాడు. అక్కడే దెబ్బతిన్నాడని మేమనుకుంటాం. గారడీ పక్కన పెడితే అసలు పని కూడా గారడీలాగే కనిపిస్తుంది కదా. అయినా 1791లో పుస్తకం వేసి, బొమ్మలతో సహా యంత్రం గుట్టంతా బయటపెట్టాడు. లోపాలు కూడా దాచలేదు, చేతనైనవాళ్లు బాగుచేసుకొమ్మన్నాడు. 1804లో వియన్నాలో పోయాడు.

ఆ పుస్తకం చూసి చార్లెస్ వీట్‌స్టన్ (డిప్లొమాలో మనం చదివిన బ్రిడ్జి ఆయన పేరు మీదిదే) మళ్లీ యంత్రం కట్టాడు. 1863లో దాన్ని లండన్‌లో చూసిన కుర్రాడు, తర్వాత టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహంబెల్. ఇంటికెళ్లి అన్నతో కలిసి తనూ ఒక మాట్లాడే తల చేశాడు. అది మామా అని అరిచింది. మన మామ కాదు, వాళ్ల అమ్మ. పసిబిడ్డ ఏడుస్తోందనుకుని పొరుగువాళ్లు చూడ్డానికి వచ్చారట.