శ్రీకాకుళం కుర్రాడు, కశింకోట మాస్టారు, చందమామ బొమ్మ: వపా పని నేర్చిన తీరు

రెజ్యూమె చివర హాబీస్ అని ఒక లైన్ ఉంటుంది. మనలో చాలామంది అక్కడ పాటలు వినడం, క్రికెట్ చూడడం అని రాసి పడేస్తాం. కొందరు పెయింటింగ్ అని రాస్తారు కానీ, ఇంటర్వ్యూలో దాని గురించి అడగకపోతే బాగుండునని లోపల దండం పెట్టుకుంటారు. అడిగితే ఏం చెబుతాం? ఏ క్లాసుకీ వెళ్లలేదు, సర్టిఫికెట్ లేదు. ఇంట్లో వాళ్లేమో ముందు ఉద్యోగం సంగతి చూడమంటారు. ఉన్న ఊళ్లోనే ఉంటూ, స్కూల్లో పిల్లలకి డ్రాయింగ్ చెబుతూ, దేశంలో ఎన్నో భాషల పిల్లల చేతికి తన బొమ్మని చేర్చిన మనిషి ఒకరు మన ఉత్తరాంధ్రలోనే ఉన్నారు. ఆయనే వడ్డాది పాపయ్య. బొమ్మ మూలన ఆయన వేసుకున్న పేరు రెండే అక్షరాలు: వపా.

మీ అమ్మమ్మనో, పెదనాన్ననో పాత చందమామ అట్ట గురించి ఒక్కసారి కదిపి చూడండి. చిత్రకారుడి పేరు చెప్పలేకపోవచ్చు కానీ బొమ్మ మాత్రం వర్ణించేస్తారు. ఆ బొమ్మల్లో చాలావాటి వెనక ఉన్నది ఈయన చెయ్యే.

ఇంట్లోనే మొదటి బడి

పాపయ్య 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో పుట్టారు. తల్లి మహాలక్ష్మి, తండ్రి రామమూర్తి. తండ్రి డ్రాయింగ్ టీచరు. ఇంట్లో పెన్సిలు, కుంచె, రంగుల గిన్నెలు కళ్ల ముందే ఉండేవన్నమాట. కొడుక్కి తొలి గురువు ఆయనే. ఆ తర్వాత కూడా పాపయ్య ఏ ఆర్ట్ కాలేజీలోనూ చేరలేదు.

ఐదేళ్ల వయసులోనే రవివర్మ కోదండరాముడి బొమ్మ చూసి అందులోని హనుమంతుణ్ని గీశారని ఆయన గురించి రాసిన వాళ్లంతా చెబుతారు. దీన్ని బాలమేధావి కథలా చదివి వదిలేయకండి. అది ఆ కాలంలో ఊళ్లలో ఉన్న సిలబస్. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్ పెట్టించి దేవతల బొమ్మల్ని రంగుల్లో అచ్చు వేయించాక, అవి దేశమంతా ఇళ్ల గోడలకెక్కాయి. అసలు చిత్రాలు చూడాలంటే రాజుల కోటలకి వెళ్లాలి. అచ్చు బొమ్మకైతే గోడవైపు తల తిప్పితే చాలు. మ్యూజియం లేని ఊళ్లో, గురువు పక్కన లేని గంటల్లో కూడా చూసి నేర్చుకోడానికి ఒక నమూనా దొరికింది.

చూసి గీయడం అంటే మనకి కాస్త చిన్నచూపు. కాపీ అనేస్తాం. కానీ కోడింగ్ నేర్చుకునేవాడు కూడా మొదట వేరేవాళ్ల ప్రోగ్రామ్‌ని లైను లైనుగా టైప్ చేసే నేర్చుకుంటాడు. బొమ్మ తిరిగి గీస్తున్నప్పుడే ఆ భుజం అలా ఎందుకు వంగింది, వెలుగు ఎటు నుంచి పడుతోంది, బట్ట మడత ఎక్కడ ఆగింది అన్న ప్రశ్నలు పుడతాయి. ఊరికే చూస్తే పుట్టవు. పాపయ్యకి రవివర్మ అలా మొదటి మెట్టు అయ్యారు. పెద్దయ్యాక వేసిన బొమ్మలు చూస్తే ఆ మెట్టు దాటి చాలా దూరం వచ్చారని తెలుస్తుంది. రవివర్మది తైలవర్ణాల బరువు, నాటకం రంగస్థలం లాంటి నిండుతనం. వపాది నీటిరంగుల తేలిక, కలలో చూసినట్టుండే రంగుల కలయిక.

రెండు దారులు

ఇక్కడే మన ప్రాంతపు ఇంకో చిత్రకారుణ్ని పక్కన పెట్టి చూడాలి. అంట్యాకుల పైడిరాజు 1919లో బొబ్బిలిలో పుట్టారు. అంటే పాపయ్యకంటే రెండేళ్లు పెద్ద. ఆయన మద్రాసు వెళ్లి, అక్కడి ఆర్ట్ స్కూల్లో దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర చదివారు. తిరిగొచ్చి విజయనగరంలో చిత్రకళ బడి పెట్టి ఎందరికో నేర్పారు. శిల్పాలూ చేశారు. ఒకే కాలం, ఒకే ప్రాంతం. ఒకరు కాలేజీ దారిలో వెళ్లారు, ఇంకొకరు ఇంటి దారిలో.

మనకి ఎప్పుడూ ఉండే డౌట్ ఇదే కదా, డిగ్రీ ఉంటేనే పనొస్తుందా అని. ఇద్దరి జీవితాలూ చూస్తే రెండు దారులూ పని చేశాయి. అయితే ఇంటి దారిలో నడిచినవాడికి ఒక ఇబ్బంది ఉంటుంది. తప్పుని చూపించే మాస్టారు ఉండరు, ఎప్పటికి పూర్తి చేయాలో చెప్పే పరీక్ష తేదీ ఉండదు. పాపయ్యకి ఈ రెండూ పత్రికల రూపంలో దొరికాయి.

ఉద్యోగం, పక్కనే కుంచె

అనకాపల్లి దగ్గర కశింకోట ఆయన జీవితంతో ముడిపడిపోయిన ఊరు. అక్కడ డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశారు. పత్రికలకి బొమ్మలు వేశారు. ఆంధ్రపత్రిక, భారతి, చక్రపాణి నడిపిన యువ, తర్వాత స్వాతి, ఇలా పెద్ద పత్రికల పేర్లే ఆ జాబితాలో కనిపిస్తాయి. యువ దీపావళి సంచికల్లో వచ్చిన ఆయన రంగుల బొమ్మల కోసమే ఆ సంచిక దాచుకున్నవాళ్లున్నారు. రాగాలు, రుతువులు, కావ్యనాయికలు, పురాణ పాత్రలు, పల్లె పడుచులు, పండగలు ఆయనకి ఇష్టమైన విషయాలు. రాగం చెవికి వినిపించేది. దాన్ని కంటికి చూపించాలంటే ఏ పొద్దు, ఏ రంగు, ఏ భంగిమ అని తేల్చుకోవాలి. అలాంటి కష్టమైన లెక్కల్ని ఆయన ఇష్టంగా ఎత్తుకున్నారు.

ఇక చందమామ. చక్రపాణి, నాగిరెడ్డి 1947 జులైలో మద్రాసులో మొదలుపెట్టిన ఆ పత్రిక తెలుగు, తమిళాలతో మొదలై చాలా భాషలకి పాకింది. చిత్ర, శంకర్ లాంటి చిత్రకారులు మద్రాసు ఆఫీసులోనే ఉండి పనిచేసేవారు. 1950ల్లో ఎం.టి.వి. ఆచార్య మహాభారతం అట్టబొమ్మలు పత్రికకి గొప్ప పేరు తెచ్చాయి. ఆ తర్వాత అట్టబొమ్మ అంటే వపా అనే స్థాయికి పాపయ్య వచ్చారు. రెండు దశాబ్దాలకు పైగా ఆ పని చేశారు. ఆచార్య లాంటివాడు వదిలిన చోట నిలబడడం మామూలు విషయం కాదు. సీనియర్ వెళ్లిపోయిన టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లని అడిగితే చెబుతారు.

చిన్న జాగా నేర్పిన పాఠం

చందమామ అట్ట రెండు చేతుల్లో ఇమిడిపోయేంత కాగితం. పైన పత్రిక పేరుకి చోటు వదలాలి. మిగిలిన చోట కథంతా చెప్పాలి. ఒకే బొమ్మ చాలా భాషల సంచికలకి వెళుతుంది కాబట్టి బొమ్మలో అక్షరాలు పెట్టి నెట్టుకురావడం కుదరదు. మరాఠీ పిల్లాడికీ, మలయాళం పిల్లకీ, పాలకొండ కుర్రాడికీ అదే బొమ్మ అర్థం కావాలి. అందుకే పెద్ద కథలోంచి ఒక్క క్షణాన్ని ఏరుకోవాలి. బాణం వదిలే ముందు క్షణమా, వదిలాక క్షణమా? ఆ ఎంపికలోనే సగం పని ఉంది.

రెండో చిక్కు నీటిరంగులతో. పారదర్శకంగా వేసే నీటిరంగుల్లో తెలుపు అంటే కాగితం తెలుపే. వెలుగు ఎక్కడ ఉండాలో ముందే తేల్చుకుని ఆ చోటు వదిలిపెట్టాలి. లేత నుంచి ముదురుకి పొర మీద పొర వేసుకుంటూ రావాలి. ఒకసారి ముదురు పడ్డాక వెనక్కి రావడం కష్టం. అండూ బటన్ ఉండదు.

మూడో చిక్కు ప్రెస్‌లో. రంగుల బొమ్మని నాలుగు సిరాలుగా విడగొడతారు: నీలం, గులాబీ, పసుపు, నలుపు. సన్నటి చుక్కలుగా వాటిని ఒకదాని మీద ఒకటి అచ్చు వేస్తే మన కంటికి అన్ని రంగులూ కనిపిస్తాయి. ఈ దారిలో సున్నితమైన తేడాలు కొన్ని మాయమైపోతాయి. కాబట్టి అచ్చుకోసం గీసేవాడికి కాగితం మీద అందంగా ఉంటే సరిపోదు. అచ్చయ్యాక కూడా నిలవాలి. వపా బొమ్మల్లో స్పష్టమైన ఆకారం, పక్కపక్కనే ముదురూ లేతా, మెరిసే నగ, వెనక ఆశ్చర్యపరిచే రంగు కనిపిస్తాయి. కిరాణా కొట్టులో తాడుకి వేలాడే పత్రిక కూడా దూరం నుంచి పిలిచినట్టుండేది అందుకే.

ఇప్పుడు మన కాలేజీల్లో బోర్డ్ గేమ్స్ ఆడేవాళ్లలో కొందరు ఆటలోని బుల్లి విగ్రహాలకి రంగులేయడం నేర్చుకుంటున్నారు. ప్లాస్టిక్ సైనికుడు అంగుళంపైన కాస్త ఉంటాడు. ముందు ప్రైమర్, తర్వాత పలచగా అసలు రంగు, గుంటల్లోకి జారే పల్చటి ముదురు రంగు, చివర్న అంచుల మీద లేత గీత. అంత చిన్న బొమ్మ మీద గది వెలుతురు పెద్ద నీడలు వేయదు. అందుకే నీడనీ వెలుగునీ మనమే రంగుతో వేయాలి. కొంచెం ఎక్కువ చేసి వేస్తేనే చేతి దూరం నుంచి మొహం కనిపిస్తుంది. వపా అట్టబొమ్మ పక్కన పెట్టుకుని చూస్తే ఇదే లెక్క దొరుకుతుంది: వెలుగు ఎటు నుంచో ముందు తేల్చుకోవడం, మొహానికి మొదటి చోటు ఇవ్వడం, పక్క రంగుతో అసలు రంగుని పైకి తేవడం. విదేశీ కిట్ కొనే స్తోమత లేకపోతే దిగులు పడక్కర్లేదు. కశింకోట ఉన్న అనకాపల్లి జిల్లాలోనే ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్రని తరిణె పట్టి, లక్కతో, ప్రకృతి రంగులతో బొమ్మలు చేసే ఊరు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. చిన్న బొమ్మకి రంగు ఎలా కూర్చుంటుందో చూడాలంటే ఆ ఊరు ఒక రోజు ప్రయాణం.

పేరు, డబ్బు, గుర్తింపు

పత్రికలో బొమ్మ వేసేవాణ్ని అసలు చిత్రకారుడిగా లెక్కేయని చూపు ఒకటి అప్పుడూ ఉంది, ఇప్పుడూ పూర్తిగా పోలేదు. గ్యాలరీలో వేలాడితే కళ, అట్ట మీద వస్తే డెకరేషన్ అన్నట్టు. నెల తిరిగేసరికి పత్రిక పాత పేపర్ల వాడి తక్కెడలోకి వెళ్లిపోయేది కూడా. పాపయ్య దానికోసం ఎక్కడా వాదనకి దిగినట్టు కనిపించరు. సభలకీ సన్మానాలకీ దూరంగా ఉండేవారని పేరు. నెల నెలా బొమ్మ మాత్రం వచ్చేది. ఇటు పాఠకులు తమ పని తాము చేశారు. బొమ్మని కత్తిరించి నోట్‌బుక్కులో దాచుకున్నారు, ఫ్రేమ్ కట్టించి గోడకి పెట్టుకున్నారు. సంచికల్ని ఏడాదికోసారి బైండు చేయించారు. ఇంటి గోడమీది రవివర్మ అచ్చుని చూసి గీసిన పిల్లాడి బొమ్మలు, తర్వాత ఎన్నో ఇళ్లలో పిల్లలు చూసి గీసుకునే బొమ్మలయ్యాయి.

ఆయన 1992 డిసెంబరు 30న కన్నుమూశారు. వయసు 71.

మనం లెక్కగట్టుకోవాల్సింది ఇదీ. సొంతూరు వదల్లేని పరిస్థితి ఉన్నవాళ్లు మనలో ఉన్నారు. బెంగళూరు వెళ్తేనే జీవితం అన్న మాట రోజూ వింటున్నాం. పైడిరాజులా వెళ్లి నేర్చుకుని రావడం మంచిదే, అవకాశం ఉంటే వదులుకోవద్దు. అది లేనప్పుడు పాపయ్య దారిలో మూడు వస్తువులు కనిపిస్తాయి. కళ్లముందు పెట్టుకోడానికి ఒక మంచి నమూనా. ఇల్లు గడవడానికి ఒక ఉద్యోగం. నెలకోసారి తప్పకుండా బొమ్మ అడిగే ఒక చోటు. మొదటి రెండూ మనం ఎలాగో సంపాదిస్తాం. మూడోదే మర్చిపోతాం. ఎవరూ అడగని హాబీ మూడు వారాల్లో అటక ఎక్కుతుంది. కాలేజీ మ్యాగజైన్, ఊరి గ్రంథాలయం గోడ, ఫ్రెండ్ బోర్డ్ గేమ్ సెట్, ఏదైనా సరే, తేదీ పెట్టి మిమ్మల్ని బొమ్మ అడిగే చోటు ఒకటి వెతుక్కోండి. అప్పుడు రెజ్యూమెలో ఆ లైన్ గురించి అడిగినా భయం ఉండదు. ఫోన్ తీసి పన్నెండు నెలల బొమ్మలు చూపించొచ్చు.

ఈలోగా పాత చందమామ సంచిక ఎక్కడైనా దొరికితే, అట్ట మీద మూల వెతకండి. రెండు అక్షరాలు కనిపిస్తే ఆ బొమ్మని ఒకసారి మీ చేత్తో గీసి చూడండి.