సయ్యద్ అబ్దుల్ రహీం

సయ్యద్ అబ్దుల్ రహీం (ఆగష్టు 17, 1909 - జూన్ 11, 1963) హైదరాబాదుకు చెందిన ప్రముఖ ఫుట్‌బాల్ శిక్షకుడు. 1950 నుండి మరణించే వరకు హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడిగా పనిచేశాడు. అదే కాలంలో అనేక అంతర్జాతీయ పోటీలలో భారత జాతీయ జట్టుకు కూడా శిక్షణ ఇచ్చాడు. ఇతని శిక్షణలో భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడలలో స్వర్ణ పతకాలు సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానం పొందింది. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన ఇతనిని ఆటగాళ్ళు రహీం సాబ్ అని పిలిచేవారు. భారత ఫుట్‌బాల్ చరిత్రలో 1951 నుండి 1962 వరకు గల కాలాన్ని స్వర్ణయుగంగా పరిగణిస్తారు. ఆ కాలానికి ప్రధాన నిర్మాతగా రహీం పేరు చెప్పబడుతుంది. పతకాల కంటే ముఖ్యంగా, పాఠశాల బాలుర స్థాయి నుండి జాతీయ జట్టు వరకు ఆటగాళ్ళను వరుసగా తయారు చేసే పద్ధతిని హైదరాబాదులో నెలకొల్పడం ఇతని ప్రత్యేకత.

బాల్యము, విద్య

రహీం 1909 ఆగష్టు 17న అప్పటి నిజాం సంస్థానపు రాజధాని హైదరాబాదులో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నాడు. విద్యార్థి దశలోనే ఫుట్‌బాల్‌లో రాణించి విశ్వవిద్యాలయపు జట్టులో ఆడాడు. తరువాత స్థానిక లీగు పోటీలలో కమర్ క్లబ్ తరఫున ఆడాడు. అయితే ఆటగాడిగా కంటే శిక్షకుడిగానే ఇతడు ఎక్కువ ఖ్యాతి పొందాడు.

ఉపాధ్యాయ వృత్తి

పట్టభద్రుడైన తరువాత రహీం ఉపాధ్యాయ వృత్తిని చేపట్టాడు. కాచిగూడ, చాదర్‌ఘాట్ పాఠశాలలతో సహా నగరంలోని పలు పాఠశాలలలో పనిచేశాడు. అనంతరం వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, తాను పనిచేసిన పాఠశాలలలో క్రీడల బాధ్యతలు స్వీకరించాడు. ఈ అనుభవం ఇతని శిక్షణా విధానానికి పునాది అయింది. ఏ వయసు బాలునికి ఏ నైపుణ్యం నేర్పాలి, ఎవరిని ఏ స్థానంలో ఆడించాలి అనే విషయాలను ఇతడు తరగతి గదిలో పాఠం చెప్పినట్లుగానే ఒక క్రమంలో బోధించేవాడు.

హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘం

1943లో రహీం హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. ఆంధ్ర ప్రదేశ్ అవతరణ తరువాత రాష్ట్ర సంఘపు కార్యదర్శిగా కూడా మరణించే వరకు కొనసాగాడు. ఆ రోజులలో దేశంలో ఫుట్‌బాల్‌కు ప్రధాన కేంద్రం కలకత్తా. మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మదన్ స్పోర్టింగ్ వంటి క్లబ్బులకు ఉన్న ధనబలం గాని, ప్రేక్షకాదరణ గాని హైదరాబాదు జట్లకు లేవు. ఇతర ప్రాంతాల నుండి పేరున్న ఆటగాళ్ళను రప్పించుకోవడం వాటికి సాధ్యమయ్యే పని కాదు. కనుక నగరంలోని పాఠశాలలు, బస్తీలు, సికింద్రాబాదు కంటోన్మెంటు ప్రాంతపు మైదానాల నుండే ఆటగాళ్ళను తయారు చేసుకోవలసి వచ్చింది. రహీం ఈ పనికే ప్రాధాన్యత ఇచ్చాడు. స్థానిక లీగు పోటీలను క్రమబద్ధం చేసి, ప్రతి స్థాయిలోనూ బాలురకు ఆడే అవకాశం కల్పించాడు. సంఘం నిర్వహణ, జట్టు శిక్షణ రెండూ ఒకే వ్యక్తి చేతిలో ఉండడం వలన ఈ ఏర్పాటు ఒక క్రమంలో సాగింది.

శిక్షణా పద్ధతులు

రహీం ప్రవేశపెట్టిన స్థానిక పోటీలు ఒక్కొక్కటి ఒక్కొక్క నైపుణ్యాన్ని పెంచేందుకు ఉద్దేశించినవి. వాటిలో ముఖ్యమైనవి:

* డ్రిబ్లింగ్ లేని పోటీలు: బంతిని కాళ్ళ వద్ద ఉంచుకొని ప్రత్యర్థులను తప్పించుకుంటూ పోవడం ఈ పోటీలలో నిషిద్ధం. బంతి అందిన వెంటనే తోటి ఆటగాడికి అందించవలసి ఉంటుంది. దీని వలన వేగంగా పాస్ చేయడం, ఖాళీ స్థలంలోకి పరుగెత్తడం అలవడేవి.
* బలహీనమైన కాలితో ఆడే పోటీలు: కుడి కాలి వాటం గలవారు ఎడమ కాలితోను, ఎడమ కాలి వాటం గలవారు కుడి కాలితోను ఆడాలి. రెండు కాళ్ళతోనూ సమానంగా ఆడగల ఆటగాళ్ళు దీని వలన తయారయ్యారు.
* ఎత్తు పరిమితి గల పోటీలు: నిర్ణీత ఎత్తుకు మించని బాలురు మాత్రమే వీటిలో పాల్గొనవచ్చు. శరీర దారుఢ్యం గల పెద్ద పిల్లల మధ్య చిన్నవారి నైపుణ్యం మరుగున పడకుండా ఈ ఏర్పాటు చేశాడు.

వ్యక్తిగత విన్యాసాల కంటే సమష్టి ఆటకు ఇతడు విలువ ఇచ్చేవాడు. శరీర దారుఢ్యానికి, క్రమశిక్షణకు కూడా అంతే ప్రాధాన్యత ఉండేది. ఇద్దరు రక్షకులతో ఆడే పాత పద్ధతిని విడిచి మూడవ రక్షకుడిని చేర్చిన పద్ధతిని అనుసరించాడు. తరువాత 4-2-4 వ్యూహాన్ని కూడా ప్రయోగించాడు. 4-2-4 వ్యూహం 1958 ప్రపంచ కప్‌లో బ్రెజిల్ విజయంతో ప్రపంచమంతటా ప్రాచుర్యం పొందింది.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు

1950లో రహీం హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడయ్యాడు. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ను గెలుచుకుంది. 1950, 1954, 1957 సంవత్సరాలలో డ్యూరాండ్ కప్‌ను కూడా సాధించింది. తరువాతి కాలంలో ఇది ఆంధ్ర ప్రదేశ్ పోలీసు జట్టుగా పిలువబడింది. స్థానిక లీగులో రాణించిన యువకులకు ఈ జట్టు ద్వారా పోలీసు శాఖలో ఉద్యోగం లభించేది. సాధారణ కుటుంబాల నుండి వచ్చిన ఆటగాళ్ళకు జీవనోపాధి దొరకడం వలన వారు ఆటను విడువకుండా కొనసాగించగలిగారు.

రాష్ట్రాల మధ్య జరిగే సంతోష్ ట్రోఫీని హైదరాబాదు జట్టు 1956-57, 1957-58 పోటీలలో వరుసగా రెండు సార్లు గెలుచుకుంది. ఒక పోలీసు జట్టు మాత్రమే కాక, నగరం మొత్తంలో ఆటగాళ్ళ సంఖ్య, ప్రమాణం ఏ స్థాయిలో ఉన్నాయో ఈ విజయాలు తెలియజేస్తాయి.

ఆటగాళ్ళ ఎంపిక

ప్రతిభ గల యువకులను ముందుగానే గుర్తించడంలో రహీం నిపుణుడు. ఇందుకు తులసీదాస్ బలరాం మంచి ఉదాహరణ. బలరాం సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడ గ్రామానికి చెందిన పేద కుటుంబంలో జన్మించాడు. స్థానిక పోటీలో ఇతని ఆటను చూసిన రహీం సంతోష్ ట్రోఫీ జట్టు ఎంపికకు రమ్మని పిలిచాడు. రోజూ అమ్ముగూడ నుండి హైదరాబాదుకు రావడానికి బలరాం వద్ద డబ్బు లేకపోవడంతో, సైకిలు అద్దెకు తీసుకోవడానికి అవసరమైన సొమ్మును రహీం స్వయంగా ఇచ్చాడు. బలరాం 1956లో హైదరాబాదు జట్టులోను, అదే సంవత్సరం మెల్బోర్న్ ఒలింపిక్స్ జట్టులోను స్థానం పొందాడు. తరువాత భారతదేశపు అగ్రశ్రేణి ఫార్వర్డులలో ఒకడిగా పేరు గాంచాడు.

నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, యూసఫ్ ఖాన్ వంటి పలువురు హైదరాబాదు ఆటగాళ్ళు రహీం కాలంలో జాతీయ జట్టుకు ఎంపికయ్యారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా సికింద్రాబాదు క్లబ్బులలోనే ఆట ప్రారంభించాడు. అయితే జాతీయ జట్టు ఎంపికలో రహీం తన నగరానికే పరిమితం కాలేదు. బెంగాల్‌కు చెందిన చుని గోస్వామి, పి.కె.బెనర్జీ, పంజాబ్‌కు చెందిన జర్నైల్ సింగ్, బొంబాయికి చెందిన నెవిల్ డిసౌజా ఇతని జట్లలో ముఖ్య పాత్ర వహించారు.

భారత జట్టు శిక్షకుడిగా

1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగాయి. శైలేన్ మన్నా నాయకత్వంలోని భారత జట్టు ఫైనల్లో ఇరాన్‌ను 1-0తో ఓడించి స్వర్ణ పతకం సాధించింది. ఆ గోల్‌ను సాహు మేవాలాల్ చేశాడు.

1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మాత్రం భారత జట్టు యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఘోర పరాజయం పొందింది. అప్పటికి భారత ఆటగాళ్ళలో పలువురు బూట్లు లేకుండానే ఆడేవారు. ఈ ఓటమి తరువాత బూట్లు ధరించడం తప్పనిసరి చేయబడింది. పాత పద్ధతులతో ఐరోపా జట్లను ఎదుర్కోవడం సాధ్యం కాదని కూడా స్పష్టమైంది. అనంతర సంవత్సరాలలో రహీం జట్టు వ్యూహాన్ని మార్చి, యువ ఆటగాళ్ళకు ఎక్కువగా అవకాశం ఇచ్చాడు.

ఈ మార్పుల ఫలితం 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో కనిపించింది. తొలి రౌండులో ప్రత్యర్థి హంగరీ బరిలోకి దిగకపోవడంతో భారత్ క్వార్టర్ ఫైనల్ చేరింది. అక్కడ ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. ఈ మ్యాచ్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా జట్టు ఇదే. సెమీఫైనల్లో ముందుగా గోల్ చేసినప్పటికీ భారత్ 1-4తో యుగోస్లావియా చేతిలో ఓడిపోయింది. కాంస్య పతకం కోసం జరిగిన మ్యాచ్‌లో బల్గేరియా చేతిలో 0-3తో ఓడి నాలుగవ స్థానంలో నిలిచింది. నాలుగేళ్ళ క్రితం పది గోల్స్ సమర్పించుకున్న దేశానికి ఇది గొప్ప ప్రగతి.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో భారత్ హంగరీ చేతిలో 1-2తోను, పెరూ చేతిలో 1-3తోను ఓడి, ఫ్రాన్స్‌తో 1-1తో డ్రా చేసుకుంది. తొలి దశలోనే వెనుదిరిగినా బలమైన హంగరీ, ఫ్రాన్స్ జట్లకు గట్టి పోటీ ఇచ్చింది.

జకార్తా ఆసియా క్రీడలు

1962 ఆసియా క్రీడలు ఇండోనేషియా రాజధాని జకార్తాలో జరిగాయి. అప్పటికే రహీం ఆరోగ్యం క్షీణించింది. భారత జట్టు మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిపోయింది. తరువాత థాయిలాండ్‌ను 4-1తోను, జపాన్‌ను 2-0తోను ఓడించి సెమీఫైనల్ చేరింది. థాయిలాండ్‌తో ఆడేటప్పుడు రక్షకుడు జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. తలకు గాయంతో రక్షణ స్థానంలో ఆడడం కష్టం కనుక రహీం అతనిని సెమీఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించాడు. జర్నైల్ సింగ్ ఒక గోల్ చేయగా, భారత్ దక్షిణ వియత్నాంపై 3-2తో గెలిచింది.

సెప్టెంబరు 4న జరిగిన ఫైనల్లో ప్రత్యర్థి మళ్ళీ దక్షిణ కొరియాయే. ఇజ్రాయిల్, తైవాన్ క్రీడాకారులను అనుమతించకపోవడంపై భారతీయ క్రీడాధికారి గురుదత్ సోంధీ చేసిన విమర్శల వలన స్థానిక ప్రేక్షకులు భారత జట్టు పట్ల ఆగ్రహంతో ఉన్నారు. సుమారు లక్ష మంది ప్రేక్షకులలో అత్యధికులు కొరియా జట్టును ప్రోత్సహించారు. అస్వస్థత నుండి కోలుకున్న తంగరాజ్‌ను గోల్‌కీపర్‌గా దింపి, జర్నైల్ సింగ్‌ను మళ్ళీ ముందు వరుసలోనే ఆడించారు. పి.కె.బెనర్జీ, జర్నైల్ సింగ్ మొదటి అర్ధభాగంలోనే చెరొక గోల్ చేశారు. భారత్ 2-1తో గెలిచి రెండవసారి స్వర్ణ పతకం సాధించింది. ఆ తరువాత ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు స్వర్ణం లభించలేదు.

మరణము

జకార్తా విజయం తరువాత ఏడాది గడవకుండానే, 1963 జూన్ 11న రహీం క్యాన్సర్ వ్యాధితో మరణించాడు. అప్పటికి ఇతని వయసు 53 సంవత్సరాలు. ఇతని కుమారుడు ఎస్.ఎస్.హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడు. హకీం తరువాత అంతర్జాతీయ రిఫరీగా, శిక్షకుడిగా పనిచేసి 2021లో మరణించాడు.

మరణానంతర పరిస్థితి

రహీం తయారు చేసిన ఆటగాళ్ళ బలం కొంతకాలం నిలిచింది. 1965-66లో ఆంధ్ర ప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీని గెలుచుకుంది. హైదరాబాదుకు చెందిన సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో భారత జట్టు 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడలలో కాంస్య పతకం పొందింది. హైదరాబాదుకే చెందిన మహమ్మద్ హబీబ్ కూడా ఆ జట్టులో ఆడాడు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్ పొందిన చివరి పతకం ఇదే. రహీం శిష్యులైన పి.కె.బెనర్జీ, నయీముద్దీన్ తరువాతి కాలంలో భారత జట్టుకు శిక్షకులయ్యారు.

అయితే హైదరాబాదులో కొత్త ఆటగాళ్ళ తయారీ క్రమంగా తగ్గిపోయింది. నయీముద్దీన్, హబీబ్ వంటి ప్రతిభావంతులు యువ దశలోనే కలకత్తా క్లబ్బులకు తరలిపోయారు. ఇటువంటి వలస రహీం జీవించి ఉన్నప్పుడు కూడా జరిగేది. బలరాం కూడా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళినవాడే. కాని అప్పుడు వెళ్ళినవారి స్థానంలో కొత్తవారు సిద్ధంగా ఉండేవారు. రహీం తరువాత బాలుర పోటీలు, పాఠశాలల స్థాయి శిక్షణ అదే క్రమంలో కొనసాగకపోవడంతో ఆ స్థానాలు ఖాళీగా మిగిలాయి. ఈ ఏర్పాటంతా ఒక్క వ్యక్తి శ్రమపై ఆధారపడి ఉండడం, ఆయన తదనంతరం దానిని నడిపే శాశ్వత సంస్థ లేకపోవడం ఈ క్షీణతకు ముఖ్య కారణాలు. 1965-66 తరువాత సంతోష్ ట్రోఫీ మళ్ళీ ఆంధ్ర ప్రదేశ్‌కు దక్కలేదు.

గుర్తింపు

జాతీయ స్థాయి ఐ-లీగ్ పోటీలలో ఉత్తమ శిక్షకునికి రహీం పేరు మీద పురస్కారం ఇవ్వబడింది. ఇతని జీవితం ఆధారంగా అమిత్ శర్మ దర్శకత్వంలో మైదాన్ అనే హిందీ చలనచిత్రం 2024లో విడుదలైంది. ఇందులో రహీం పాత్రను అజయ్ దేవగణ్ పోషించాడు.