గుఱ్ఱము జాషువ కవి

ప్రతి సంవత్సరమును వార్షికోత్సవదినములు సమీపించినకొలదిని మన పాఠశాలలో తరగతిపుస్తకములందు లేని పనులు కొన్ని మొదలగును. ఒకచోట బాలురు వక్తృత్వపుపోటీకై గొంతు సవరించుకొనుచుందురు. వేఱొకచోట బాలికలు కీర్తనలు వల్లించుచుందురు. బొమ్మలకు రంగులు కలుపువారు కొందఱు, పద్యములు కంఠస్థము చేయువారు కొందఱు, నాటకమునకు వేషములు సిద్ధపఱచువారు కొందఱు. ఈ సందడి చూచి, దీనివలన పరీక్షలో మార్కులు వచ్చునా, రేపు జీవనము గడచునా యని తల్లిదండ్రులలో కొందఱు సందేహింతురు. ఆ సందేహము తప్పు కాదు. పత్తితీతకును మిరపకోతకును కూలి దొరకు దినములలో బిడ్డను పొలమునకు గాక బడికి పంపుటయే తుళ్లూరు ప్రాంతపు బీదకుటుంబములకు గొప్ప త్యాగము. అంత కష్టపడి పంపిన బిడ్డ బడిలో బొమ్మలు గీయుచు పాటలు పాడుచున్నాడని విన్నప్పుడు ఏ తండ్రి మనసైనను చివుక్కుమనుట సహజము.

ఈ సందేహమునకు వాదముచేత సమాధానము చెప్పుటకంటె ఒక జీవితమును చూపుట మేలు. ఆ జీవితము దూరదేశపువారిది కాదు. మన పత్తిచేల గాలి పీల్చి పెరిగి, మన గుంటూరులో పాఠములు చెప్పి, ఆ గుంటూరుననే కన్ను మూసిన గుఱ్ఱము జాషువ కవిది.

జాషువ 1895వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీని వినుకొండలో జన్మించెను. అప్పటికి గుంటూరుజిల్లా యేర్పడలేదు. ఆ ప్రాంతము కృష్ణాజిల్లాలో నుండెను. 1904లో గుంటూరుజిల్లా యేర్పడగా వినుకొండ అందు చేరెను. 2022 నుండి పల్నాడు జిల్లాలో నున్నది. ఆయన తండ్రి వీరయ్య, తల్లి లింగమ్మ. తండ్రి యాదవకులమువాడు, తల్లి మాదిగకులమున పుట్టినది. ఇరువురును క్రైస్తవమతము స్వీకరించినవారు. ఆ కాలమున నిట్టి వివాహమును ఊరు క్షమించెడిది కాదు. ఆ తలిదండ్రుల బిడ్డ ఊరి పెద్దల కంటికి క్రైస్తవుడును కాడు, యాదవుడును కాడు, అంటరానివాడు మాత్రమే.

బడిలో చేరిన బాలునకు అక్షరములతోపాటు అవమానములును ఎదురైనవి. తోడిబాలురు దూరముగ తొలగిరి. చదువు చెప్పవలసిన వారిలోను కొందఱు ఆతనిని కులము పేరిట కించపఱచిరి. ఇట్టి స్థితిలో బాలుడు బడి మానుట సులభము. అనేకులు మానిరి కూడ. ఈ బాలుడు మానలేదు. బొమ్మలు గీయుట యనిన నాతనికి ప్రీతి. పాట పాడుట మఱింత ప్రీతి. ఈ రెండును ఎవరును విధించిన పాఠములు కావు, వానికి పరీక్షయు లేదు. వానియందు ఆతని కులము నడుగువాడును లేడు. తరగతిలో తల వంచుకొని కూర్చుండవలసిన బాలునకు బొమ్మ గీయునప్పుడు తల యెత్తుకొను స్వేచ్ఛ లభించెను.

ఆతని బాల్యమిత్రులలో దీపాల పిచ్చయ్యశాస్త్రి యనువాడు ముఖ్యుడు. ఈయనయు పిమ్మట తెలుగు సాహిత్యమున పేరు గడించినవాడే. ఒకడు బ్రాహ్మణ బాలుడు, ఇంకొకడు ఊరు వెలిగా నెంచిన బాలుడు. వీరిద్దఱిని కలిపినది పద్యము. ఈ సాహచర్యమున జాషువకు కవిత్వముపై ఆశ పుట్టెను. జూపూడి హనుమచ్ఛాస్త్రి యను పండితుడు ఆతనికి సంస్కృతము నేర్పుటకు సమ్మతించి, కాళిదాసుని మేఘసందేశమును రఘువంశమును కుమారసంభవమును చెప్పెను. ఒక వాకిట తలుపు మూయబడగా వేఱొక వాకిట తెఱవబడినది. తెఱచినవారి పేరులను గూడ మనము మఱవరాదు.

కాని మూసిన వాకిళ్ళే ఎక్కువ. ఒకప్పుడు వినుకొండలో అవధానసభ యొకటి జరిగెను. జాషువ ఆ సభకు పోయి తాను రచించిన పద్యములను చదివెను. పద్యములలో తప్పున్నచో పండితులు దిద్దవచ్చును. అక్కడ జరిగినది అది కాదు. తక్కువకులమువానిని సభలోనికి ఎందుకు రానిచ్చితిరని కొందఱు కోపించి, ఆతనిని అవమానించిరి. పద్యముయొక్క గుణదోషములను విచారింపవలసిన సభ చదివినవాని పుట్టుకను విచారించెను. ఈ గాయము ఆయన జీవితాంతము మానలేదు. ఆయన కావ్యములలో కనబడు వేడికి మూలము ఇట్టి దినములే.

1910లో ఆయనకు మేరీ యను కన్యతో వివాహమయ్యెను. సంసారభారము మీద పడినందున మిషను పాఠశాలలో నెలకు మూడు రూపాయల జీతముపై ఉపాధ్యాయుడుగ కుదిరెను. ఆ చిన్న ఉద్యోగమును నిలువలేదు. హిందూపురాణముల కథలతో పద్యములు వ్రాయుట క్రైస్తవునకు తగదని మతపెద్దలలో కొందఱు తలంచి ఆయనను దూరము చేసిరి. ఒకవైపు వారు క్రైస్తవుడవు, అంటరానివాడవు పొమ్మనిరి. మఱియొకవైపు వారు పురాణకవివి పొమ్మనిరి. రెండు వైపుల నడుమ నిలువ నీడలేని వానికి మిగిలినది కలము మాత్రమే. మిషను పాఠశాలలకు చెందిన మనము ఈ రెండవ విషయమును దాచక చెప్పుకొనుట ధర్మము.

ఉద్యోగము పోగా ఆయన రాజమహేంద్రవరమునకు పోయి, 1915-16 సంవత్సరములలో అచ్చట చలనచిత్రశాలలో వాచకుడుగ నుండెను. ఇప్పటి బాలురకు ఈ యుద్యోగ మేమో తెలియదు. ఆ కాలపు చిత్రములకు మాటలు లేవు. తెలుగున మాటలాడు చిత్రము వెలువడినది 1932లో మాత్రమే. అందుచేత తెరపై బొమ్మలు కదలుచుండగా ప్రక్కన నొకడు నిలిచి, కథను సంభాషణలను సందర్భోచితముగ చదివి వినిపింపవలెను. జనము ఏడ్వవలసిన చోట ఏడ్పింపవలెను, నవ్వవలసిన చోట నవ్వింపవలెను. చిన్ననాడు సరదాకు పాడిన గొంతు అప్పుడు ఇంటికి బియ్యము తెచ్చెను. ఏ మాటకు జనము కదలుదురో, ఏ మాటకు కదలరో అక్కడ ఆయన దినదినమును చూచుట కవకాశము కలిగెను. విద్య యెన్నడును వ్యర్థము కాదనుటకు ఇంతకంటె నిదర్శన మేల?

తరువాత గుంటూరులో లూథరను సంఘమువారు నడపుచుండిన ఉపాధ్యాయశిక్షణాలయమున ఆయనకు ఉపాధ్యాయపదవి లభించెను. అచ్చట పది సంవత్సరములు పనిచేసెను. ఉపాధ్యాయులు కాబోవువారికి పాఠము చెప్పుట సామాన్యమైన పని కాదు. అచ్చట నేర్చినవారు తాము నేర్చిన పద్యమును, ఆ పద్యమును చదువు తీరును మఱియెన్నో బడులకు కొనిపోవుదురు. ఆ దినములలోనే ఆయన చదువును విడువక ఉభయభాషాప్రవీణ పరీక్షయందు కృతార్థుడై, 1928 నుండి 1942 వఱకు తెలుగు పండితుడుగ పనిచేసెను. ఒకనాడు సభలో పద్యము చదువ తగడనిపించుకొన్నవాడు, తెలుగు పద్యమును జీవనాధారముగ బోధించు పదవి నందెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున యుద్ధప్రచారకుడుగను, 1957 నుండి 1959 వఱకు మదరాసు ఆకాశవాణి కేంద్రమున కార్యక్రమనిర్మాతగను ఆయన పనిచేసెను.

ఇక ఆయన రచనలు. 1919లో రుక్మిణీకల్యాణము మొదలు ఆయన రచించిన కావ్యములు, ఖండకావ్యములు అనేకములు. వానిలో బాలురకు మిక్కిలి దగ్గఱగ నుండునవి చిన్న వస్తువులను గూర్చిన పద్యములు. గడ్డిపోచలతో గూడు అల్లు గిజిగానిని, మూలను దారము తీయు సాలీడును, ఉయ్యాలలోని పసిబిడ్డను ఆయన చిత్రకారుని కన్నుతో చూచి వ్రాసెను. బాల్యమున గీసిన బొమ్మలు ఆయనను విడువలేదు. రంగులు మాఱి మాటలైనవి. శ్మశానమును గూర్చి ఆయన వ్రాసిన పద్యములను హరిశ్చంద్రనాటకమున నటకులు చేర్చుకొని పాడిరి. అక్షరము రానివారు సైతము రాత్రులు మేలుకొని నాటకములు చూచుచు ఆ పద్యములను నోటికి నేర్చిరి. పండితసభ తలుపు మూసిన కవికి జనసామాన్యము తలుపు తెఱచినది.

1932లో ఆయన ఫిరదౌసి యను కావ్యమును ప్రకటించెను. పారశీక మహాకవి ఫిరదౌసికి గజనీ మహమ్మదు పద్యమునకు ఒక బంగారునాణెము చొప్పున ఇచ్చెదనని మాట యిచ్చి, కావ్యము పూర్తియైన తరువాత వెండి నాణెములు పంపెనని ప్రసిద్ధమైన కథ కలదు. శ్రమకు దక్కవలసిన గౌరవము దక్కని కవి దుఃఖము జాషువకు వేఱొకరు చెప్పవలసినది కాదు. అందుచేతనే వేయియేండ్ల నాటి పారశీకుని కథ తెలుగువాని కంట నీరు తెప్పించినది.

1941లో వెలువడిన గబ్బిలము ఆయన కీర్తికి కిరీటము. ఊరి వెలుపల గుడిసెలో నుండు ఒక నిరుపేద అంటరానివాడు తన మొఱను కాశీవిశ్వనాథునకు చెప్పుకొనగోరును. ఆతనికి గుడిలో ప్రవేశము లేదు. కాని గబ్బిలమునకు అడ్డు లేదు. అది గర్భాలయపు చూరున వ్రేలాడును, ఎవరును తఱుమరు. కావున ఆతడు తన గుడిసెలోనికి వచ్చిన గబ్బిలమునే దూతగా పంపుచు, దారి చెప్పి, విశ్వనాథుని చెవిలో చెప్పవలసిన మాటలు చెప్పును. కాళిదాసుడు యక్షుని ప్రేమసందేశమును మేఘముచేత పంపెను. జాషువ ఆకలిగొన్నవాని సందేశమును గబ్బిలముచేత పంపెను. చిన్ననాడు హనుమచ్ఛాస్త్రియొద్ద చదివిన మేఘసందేశము ఇన్నేండ్లకు ఇట్లు ఫలించినది. ఆ పాఠము చెప్పనినాడు ఈ కావ్యము లేదు. ఆ అవమానము లేనినాడును ఈ కావ్యము లేదు. కాని కావ్యము పుట్టినదని అవమానము మంచిదనరాదు. ఆ అవమానమునకు లోబడి నోరు మూసుకొన్న ఇతర బాలురు ఎందఱో, వారి కావ్యములు ఎన్ని పోయినవో ఎవరు లెక్కింపగలరు?

కాలము మెల్లగ మాఱెను. తిరుపతి వేంకటకవులలో నొకడైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు, తెలుగునాట అవధానవిద్యకు ఆచార్యుడని పేరొందిన వృద్ధకవి, స్వహస్తములతో జాషువ పాదమునకు గండపెండేరము తొడిగెను. అవధానసభలో అవమానము పొందినవాని పాదము అది; అవధానులకు గురువైనవాని చేతులు అవి. ఇంతకంటె గొప్ప ప్రాయశ్చిత్తమును తెలుగుసాహిత్యము ఎన్నడును చేసికొనలేదేమో. కవికోకిల, నవయుగకవిచక్రవర్తి మొదలగు బిరుదులు ఆయనను వరించినవి. ఆయన 1958లో ప్రకటించిన క్రీస్తుచరిత్రమునకు 1964లో కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానము లభించినది. పురాణకవి యని దూరము చేసినవారికి అదియే ఆయన యిచ్చిన యుత్తరము. ఆ సంవత్సరముననే ఆయన ఆంధ్రప్రదేశ్ శాసనమండలి సభ్యుడయ్యెను. 1970లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదమును, భారతప్రభుత్వము పద్మభూషణ బిరుదమును ఇచ్చి గౌరవించినవి. 1971వ సంవత్సరము జూలై 24వ తేదీని గుంటూరులో ఆయన పరమపదించెను. ఆయన కుమార్తె హేమలత, లవణంగారి ధర్మపత్నియై, జోగినీదురాచారమును మాన్పుటకును, నేరస్థులని ముద్రవేయబడిన కుటుంబముల మేలునకును పాటుపడి 2008లో కాలధర్మము నందెను. తండ్రి పద్యమున వ్రాసినదానిని కుమార్తె పనిలో చూపెను.

విద్యార్థులారా, మీరు గీయు బొమ్మ, పాడు పాట, తప్పులతో వ్రాసిన మొదటి పద్యము రేపు మీకు ఏ విధముగ నుపకరించునో నేడెవరును చెప్పలేరు. అన్నము పెట్టవచ్చును, అవమానమును సహించు బలము నీయవచ్చును. అందఱును జాషువ వలె మహాకవులు కారు. కానక్కఱలేదు. పాఠము చక్కగ చదివి, మిగిలిన వేళ మీకు ప్రీతియైన విద్య నొకదానిని విడువక సాధించుడు. తల్లిదండ్రులారా, బిడ్డ గీసిన బొమ్మను ఒకమాఱు చేతికి తీసికొని చూడుడు. దానికి ఖర్చు లేదు.

మఱియు, సభలు జరుపువారమును పోటీలు పెట్టువారమును అగు మేము తలంచుకొనవలసినది ఒకటి కలదు. బహుమానము పొందినవారి పేరులు పత్రికలో అచ్చగును. పోటీలో పేరు ఇయ్యనివారి పేరులు ఎచ్చటను అచ్చు కావు. చొక్కా చినిగినదని సిగ్గుపడినవాడు, మిరపకోతకు పోయి వారముదినములు బడికి రానివాడు, నన్ను రానిత్తురా యని వెనుకబల్లపై సందేహించినవాడు, ఆ పేరులేనివారిలోనే ఉందురు. వినుకొండ సభలో నిలిచిన బాలుడును అట్టివాడే. అటువంటివానిని పేరుపెట్టి పిలిచి సభలోనికి తెచ్చుట మా వంతు. వచ్చి, బెదరక, తన పద్యము చదువుట వాని వంతు.