సూరి భగవంతం

సూరి భగవంతం (అక్టోబరు 14, 1909 - ఫిబ్రవరి 6, 1989) ప్రముఖ ఆంధ్ర భౌతిక శాస్త్రవేత్త, విద్యావేత్త. అణువులు, స్ఫటికాలలోని సౌష్ఠవాన్ని ఆధారంగా చేసుకొని క్లిష్టమైన గణనలను తగ్గించడంలో ఆయన కృషి పేరెన్నిక గన్నది. అణువుల త్రిమితీయ నమూనాలను వెబ్ బ్రౌజర్లలో వేగంగా చూపేందుకు వాడే ఒక పద్ధతికి కూడా ఆ సౌష్ఠవ భావనే ఆధారం.

జీవిత విశేషాలు

భగవంతం కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో జన్మించాడు. హైదరాబాదు నిజాం కళాశాలలోను, మద్రాసు విశ్వవిద్యాలయంలోను చదివాడు. 1928లో కలకత్తా వెళ్ళి సి.వి.రామన్ వద్ద పరిశోధకుడిగా చేరాడు. రామన్ ఫలితం వెలువడిన సంవత్సరం కూడా అదే. 1932లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో అధ్యాపకుడిగా చేరి, తరువాత ఆచార్యుడయ్యాడు.

పరిశోధనలు

బెంజీన్ అణువులో 12 పరమాణువులున్నాయి. దానికి 30 కంపన రీతులు ఉంటాయి. వీటిని అణువు యొక్క షడ్భుజ సౌష్ఠవాన్ని బట్టి వర్గీకరిస్తే విడి పౌనఃపున్యాలు 20 మాత్రమేనని, వాటిలో రామన్ వర్ణపటంలో కనిపించదగినవి 7 అని కాగితం మీదనే తేలుతుంది. ఇందుకు ఉపకరించే గణితం సమూహ సిద్ధాంతం. యూజీన్ విగ్నర్ మొదలైనవారు దీనిని అణువులకు అన్వయించగా, భగవంతం, టి. వెంకటరాయుడు 1939లో స్ఫటికాల రామన్ వర్ణపటాలకు విస్తరించారు.

ఘనాకార సౌష్ఠవం గల స్ఫటికాలన్నిటికీ ఫోటోఎలాస్టిక్ స్థిరాంకాలు 3 అని పూర్వం భావించేవారు. వాటిలో రెండు తరగతులకు 4 స్థిరాంకాలు అవసరమని భగవంతం 1942లో నిరూపించాడు. సౌష్ఠవాన్ని ఉన్నదానికంటే ఎక్కువగా ఊహించుకుంటే లెక్క తేలికవుతుంది గాని ఫలితం తప్పుతుందని ఈ సవరణ తెలుపుతుంది.

పదవులు

- ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతి (1952-57)
- బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థ డైరెక్టరు (1957-62)
- రక్షణ మంత్రికి శాస్త్రీయ సలహాదారు (1961-69)

రచనలు

వెంకటరాయుడితో కలసి సమూహ సిద్ధాంతం, భౌతిక సమస్యలకు దాని అన్వయం గురించి ఆంగ్లంలో వ్రాసిన గ్రంథాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1948లో ప్రచురించింది. కాంతి పరిక్షేపణం, స్ఫటిక సౌష్ఠవం గురించి కూడా ఆయన గ్రంథాలు రచించాడు.

నేటి ప్రాముఖ్యత

2011లో వెబ్‌జీఎల్ ప్రమాణం వచ్చాక, అదనపు సాఫ్ట్‌వేరు లేకుండానే అణు నమూనాలను బ్రౌజర్‌లో తిప్పి చూడడం సాధ్యమైంది. అయితే లక్షలాది పరమాణువులున్న వైరస్ కవచం వంటి నమూనాలు సామాన్య కంప్యూటర్లలో నెమ్మదిగా కదులుతాయి. ఇరవై ముఖాల సౌష్ఠవం గల కవచంలో ఒకే భాగం 60 సార్లు పునరావృతమవుతుంది. అందుచేత ఆ ఒక్క భాగపు నిరూపకాలను, 60 స్థానాలను తెలిపే మాత్రికలను గ్రాఫిక్స్ ప్రాసెసర్‌కు అందిస్తే చాలు. మెమరీ, డౌన్‌లోడ్ సమయం ఎంతో తగ్గుతాయి. మోల్‌స్టార్ వంటి ప్రదర్శక సాఫ్ట్‌వేర్లు ఈ పద్ధతిని వాడుతున్నాయి. సౌష్ఠవం లేని అణువులకు మాత్రం ఇది పనికిరాదు. వాటికి, దూరంగా ఉన్న భాగాల వివరాలను తగ్గించి చూపడం వంటి ఇతర మార్గాలు అవసరం.

ఈ సాఫ్ట్‌వేర్లను రూపొందించింది భగవంతం తరువాతి తరాలవారు. అయినా అణువు సౌష్ఠవాన్ని ముందుగా సరిగా గుర్తించి, ఆ తరువాతే లెక్కకు పూనుకోవాలన్న సూత్రం ఉభయులకూ ఒక్కటే.