జీతాలు పెంచారు.. ప్రపంచమంతా స్పార్క్ ప్లగ్‌లు అమ్మారు! రాబర్ట్ బాష్ కథ తెలుసా?

బైక్ స్టార్ట్ కాకపోతే మెకానిక్ ముందు చెయ్యి వేసేది స్పార్క్ ప్లగ్ మీదే. మన దగ్గర పాత మెకానిక్‌లకు అది మైకో ప్లగ్. ట్రాక్టర్, లారీ డీజిల్ పంపు అంటే మైకో పంపు. బెంగళూరులో తయారైన ఆ మైకో సరుకు వెనక ఉన్నది జర్మనీ కంపెనీ బాష్. 2008లో మైకో పేరు కూడా బాష్‌గానే మారిపోయింది.

ఇప్పుడు ఆ బాష్‌కు సొంతగడ్డ మీదే గడ్డుకాలం. వాహన విడిభాగాల విభాగంలో 13 వేల ఉద్యోగాలు తగ్గిస్తామని 2025 సెప్టెంబర్‌లో కంపెనీ ప్రకటించింది. కోత ఎక్కువగా జర్మనీలోనే. అక్కడ ఖర్చులు ఎక్కువ, బయట పోటీ ఎక్కువ అన్నది యాజమాన్యం మాట. విచిత్రం ఏంటంటే.. ఎక్కువ జీతాలిచ్చి కూడా కారు పార్ట్స్ తయారు చేసి ప్రపంచానికి అమ్మొచ్చని చేసి చూపించింది ఈ కంపెనీ పెట్టిన మనిషే. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో కూడా ఆయన బతికుండగానే చూశారు.

రాబర్ట్ బాష్ 1861 సెప్టెంబర్ 23న జర్మనీలోని ఉల్మ్ నగరం దగ్గర ఆల్బెక్ అనే పల్లెలో పుట్టారు. 12 మంది పిల్లల్లో 11వ వాడు. ఇంట్లో సత్రం, వ్యవసాయం ఉండేవి. చదువయ్యాక మెకానిక్ పనిలో చేరారు. తర్వాత అమెరికా వెళ్లి ఎడిసన్ కంపెనీలో, లండన్‌లో సీమెన్స్ వాళ్ల దగ్గర పని చేశారు. కార్మికుడిగా ఊళ్లు తిరిగిన ఆ రోజులు ఆయన బుర్రలోంచి ఎప్పుడూ పోలేదు.

1886 నవంబర్‌లో స్టుట్‌గార్ట్‌లో చిన్న వర్క్‌షాప్ తెరిచారు. తండ్రి ఆస్తిలో వచ్చిన 10 వేల మార్కులే పెట్టుబడి. ఒక మెకానిక్, పనులకు తిరిగే ఒక కుర్రాడు.. స్టాఫ్ అంతే. టెలిఫోన్లు, కరెంటు గంటలు బిగించడం, ఏది దొరికితే అది చేయడం. చాలా ఏళ్లు అప్పులతోనే గడిచింది.

దశ తిప్పింది మాగ్నెటో. అయస్కాంతం, రాగి తీగ చుట్టలతో బ్యాటరీ లేకుండానే ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే పరికరం ఇది. 1887లో బాష్ దీన్ని ఒకచోట స్థిరంగా ఉండే ఇంజిన్ల కోసం చేశారు. 1897లో మూడు చక్రాల మోటారు బండికి అమర్చారు. అప్పట్లో కార్లకు పెద్ద తలనొప్పి ఇగ్నిషనే. దారి మధ్యలో బండి ఆగిందంటే చాలాసార్లు కారణం అదే. బాష్ వర్క్‌షాప్‌లోనే అప్రెంటిస్‌గా పని నేర్చి, చదువుకుని తిరిగొచ్చిన గోట్లోబ్ హోనోల్డ్ అనే ఇంజినీర్ 1902 నాటికి హై వోల్టేజ్ మాగ్నెటోను, దానికి తగ్గ స్పార్క్ ప్లగ్‌ను సిద్ధం చేశారు. మరుసటి ఏడాదే ఐర్లాండ్‌లో జరిగిన గోర్డన్ బెన్నెట్ రేసులో మెర్సిడెస్ కారు గెలిచింది. అందులో ఉన్నది బాష్ ఇగ్నిషన్. ఇక ఆర్డర్లు ఆగలేదు.

జీతాల సంగతి ఇక్కడే మొదలవుతుంది. మాగ్నెటో చేయడం ఎవరుపడితే వాళ్లు చేసే పని కాదు. తీగ చుట్టడంలో, ఇన్సులేషన్‌లో చిన్న లోపం ఉన్నా బండి రోడ్డు మీద నిలిచిపోతుంది, కంపెనీ పేరు పోతుంది. కాబట్టి చెయ్యి తిరిగిన పనివాళ్లు కావాలి, వాళ్లు మానేయకూడదు కూడా. బాష్ చుట్టుపక్కల కంపెనీల కంటే ఎక్కువ కూలి ఇచ్చారు. 1906లో 8 గంటల పని దినం తెచ్చారు. జర్మనీలో ఇలా చేసిన తొలి కంపెనీల్లో ఇదొకటి. తోటి యజమానులు ఎర్ర బాష్ అని ఎగతాళి చేశారు.

ఇదంతా దయాగుణం అనుకుంటే సగమే నిజం. రోజుకు 8 గంటల చొప్పున రెండు షిఫ్టులు పెడితే అదే మెషీన్ల మీద ఎక్కువ సరుకు వస్తుంది. అలసిపోని చేతులు పాడు చేసే సరుకూ తక్కువ. దీనికి తోడు డైమ్లర్ లాంటి కార్ల కంపెనీ పక్కనే ఉండటంతో, ఇంజిన్‌లో ఏం మారుతోందో బాష్ మనుషులకు వెంటనే తెలిసేది. చౌక కూలి ఉన్న చోట ఈ సౌకర్యం దొరకదు. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు కంపెనీ అమ్మకాల్లో 88 శాతం విదేశాల నుంచే వచ్చేవంటే, కొనేవాళ్లు ధర చూసి వెనక్కి తగ్గలేదనే అర్థం. అలాగని అన్నీ జర్మనీలోనే చేయలేదు. 1905లో పారిస్‌లో, తర్వాత అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కూడా ఫ్యాక్టరీలు పెట్టారు.

అయితే మంచి జీతం ఇస్తే గొడవలే ఉండవనుకోవడం పొరపాటు. 1913లో ఆయన ఫ్యాక్టరీలోనే సమ్మె జరిగింది. బాష్‌కు అది గట్టి దెబ్బ. తన వాళ్లే తన మీద తిరగబడ్డారని బాధపడ్డారు. ఫ్యాక్టరీ మూతపడింది. ఎర్ర బాష్ చివరికి యజమానుల సంఘంలో చేరిపోయారు. ఎవరిది తప్పనేది పక్కన పెడితే, 8 గంటల పనిని మాత్రం ఆయన వెనక్కి తీసుకోలేదు.

ఆ తర్వాత యుద్ధం. ఆయుధాల పనితో వచ్చిన లాభాన్ని ఉంచుకోవడం ఇష్టం లేక నెకార్ నది కాలువ పనులకు 13 మిలియన్ మార్కులు ఇచ్చేశారు. అమెరికా ప్రభుత్వం అక్కడి బాష్ ఆస్తుల్ని శత్రువు సొత్తుగా స్వాధీనం చేసుకుని అమ్మేసింది. ఇంతకాలం జర్మనీలోనే దొరికే సరుకును ఇప్పుడు వేరే దేశాలు సొంతంగా చేయడం మొదలుపెట్టాయి. 1921లో ఆయన కొడుకు జబ్బుతో చనిపోయాడు.

అసలు పరీక్ష 1925-26లో వచ్చింది. బ్యాటరీతో నడిచే చౌక ఇగ్నిషన్ అమెరికాలో అప్పటికే పాతుకుపోయింది, ఇప్పుడు యూరప్ కార్లలోకీ వస్తోంది. మాగ్నెటో ఖరీదైన సరుకైపోయింది. అదే పార్ట్‌ను ఇంకొకడు తక్కువకు ఇస్తుంటే పెద్ద జీతాల ఫ్యాక్టరీ భారమే అవుతుంది. అమ్మకాలు పడిపోయాయి, వేలమందిని ఇంటికి పంపాల్సి వచ్చింది. ఎనిమిది గంటల పని తెచ్చిన మనిషే ఆ పని చేయాల్సి రావడం చిన్న విషయం కాదు.

జీతాలు కోసి చౌక సరుకుతో పోటీ పడటమే దారి అని ఆయన అనుకోలేదు. అసెంబ్లీ లైన్ పద్ధతి తెచ్చి ఖర్చు తగ్గించారు. బ్యాటరీ ఇగ్నిషన్ కూడా మొదలుపెట్టారు. హారన్, వైపర్ లాంటివి వరసగా వచ్చాయి. అన్నిటికంటే పెద్దది డీజిల్ ఇంజెక్షన్ పంపు. 1922లో పని మొదలుపెడితే 1927లో ఫ్యాక్టరీ నుంచి బయటికి వచ్చింది. సూక్ష్మమైన కొలతలతో, అపారమైన ఒత్తిడిని తట్టుకునే ఈ పంపును అంత నమ్మకంగా చేయగలిగిన వాళ్లు అప్పట్లో చాలా తక్కువ. అంటే మళ్లీ 1902 నాటి పరిస్థితే! కార్లనే నమ్ముకోకుండా 1930లలో కరెంటు డ్రిల్లింగ్ సుత్తి, ఫ్రిజ్ కూడా చేశారు.

హిట్లర్ కాలం ఆయన జీవితంలో చిక్కుముడి. కంపెనీ సైన్యానికి సరుకు చేసింది, యుద్ధంలో బలవంతపు కూలీలతో పని చేయించుకుంది. అదే కంపెనీ హిట్లర్ వ్యతిరేకి కార్ల్ గోర్డెలర్‌కు సలహాదారు ఉద్యోగం ఇచ్చి అండగా నిలిచింది, యూదులకూ సాయం చేసింది. ఒకటి చెప్పి రెండోది దాచితే న్యాయం కాదు. 1942 మార్చి 12న బాష్ చనిపోతే నాజీ ప్రభుత్వమే అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరిపింది.

సంపాదన ప్రజల పనికి వెళ్లాలన్న ఆయన కోరిక మేరకు 1964లో కంపెనీ వాటాల్లో అత్యధిక భాగం ఒక ఫౌండేషన్‌కు చేరింది. స్టుట్‌గార్ట్‌లో ఆయన పేరిట ఉన్న ఆసుపత్రి ఇప్పటికీ నడుస్తోంది. ఆ నగరంలోనే ఉన్న ఫోయర్‌బాఖ్ ప్లాంటు, అంటే ఆయన కాలంలోనే మొదలైన ఫ్యాక్టరీ, 2025లో ప్రకటించిన కోతల జాబితాలో ఉంది.